36 ఏళ్లకు తొలి టెస్టు: సి.కె. నాయుడు జీవితం



నవంబర్ 14 వచ్చిందంటే మన బ్రాంచిలో పండగే. పిల్లలు ఆ రోజు యూనిఫాం లేకుండా రంగు బట్టల్లో వస్తారు. టీచర్లమే స్టేజీ ఎక్కి డ్యాన్సులు చేస్తాం. సాయంత్రానికి మీ వాట్సాప్ గ్రూపుల నిండా ఫొటోలు వస్తాయి. సరిగ్గా అదే తేదీన, 1967లో, ఇండోర్ నగరంలో ఒక పెద్దాయన కన్నుమూశారు. భారత టెస్టు క్రికెట్ జట్టుకు మొట్టమొదటి కెప్టెన్ ఆయనే. తెలుగు కుటుంబంలో పుట్టిన మనిషి. పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. లోకానికి మాత్రం సి.కె. నాయుడు.

ఈ నెల ఆయన గురించే ఎందుకు రాస్తున్నానో ముందు చెప్పాలి. పోయిన పేరెంట్స్ మీటింగులో ఎనిమిదో తరగతి బాబు తండ్రి నన్ను ఒక మాట అడిగారు. సాయంత్రం ఒక గంట గ్రౌండుకు పంపమని బాబు రోజూ పోరు పెడుతున్నాడట, పంపాలా వద్దా అని. నేను ప్రోగ్రెస్ కార్డు చూస్తూనే జవాబు చెప్పేశాను. పదమూడేళ్లు వచ్చాక క్రికెట్ మొదలుపెడితే ఆలస్యమేనని, ఆడేవాళ్లు ఆరేళ్లకే మొదలుపెడతారని, ఆ గంట మ్యాథ్స్‌కు ఇస్తే మంచిదని అన్నాను. బాబు పక్కనే నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. తన బూట్ల వైపు చూసుకుంటూ ఉండిపోయాడు.

తర్వాత వారం బాలల దినోత్సవం క్విజ్‌కు ప్రశ్నలు తయారు చేస్తూ నాయుడు గారి జీవితం మళ్లీ చదివాను. ఆయన తొలి టెస్టు మ్యాచ్ ఆడేనాటికి వయసు 36 సంవత్సరాలు. ఆ అంకె దగ్గర నా పెన్ను ఆగిపోయింది. ఒక పిల్లవాడికి ఆలస్యం అయిపోయిందని తేల్చి చెప్పడానికి నాకున్న ఆధారం ఏమిటి అనిపించింది. మీరు కూడా ఈ 36 అనే అంకెను గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

నాగపూర్‌లో ఒక తెలుగు ఇల్లు

మన జడ్చర్ల మీదుగా పోయే 44వ నంబర్ జాతీయ రహదారి మీకు తెలిసిందే. దాన్ని పట్టుకుని ఉత్తరంగా హైదరాబాద్, నిర్మల్, ఆదిలాబాద్ దాటి పోతూ ఉంటే నాగపూర్ వస్తుంది. బ్రిటిష్ వారి కాలంలో అది సెంట్రల్ ప్రావిన్సెస్‌కు రాజధాని. తెలుగు నేల నుంచి వెళ్లిన కుటుంబాలు అక్కడ చాలానే స్థిరపడ్డాయి. వాటిలో కొఠారి వారి కుటుంబం ఒకటి. తాతగారు నారాయణస్వామి నాయుడు ఆ ఊరిలో పేరున్న లాయర్. కాంగ్రెస్ పార్టీ తొలినాళ్లలో అందులో పాల్గొన్న మనిషి. ఆ ఇంట్లో 1895 అక్టోబర్ 31న కనకయ్య పుట్టారు.

చదువున్న ఇల్లు, భూములున్న ఇల్లు. అటువంటి ఇంట్లో పెద్ద కొడుకు ఏమవ్వాలో ఎవరినీ అడగాల్సిన పనిలేదు, లాయరే. కానీ ఈ పిల్లవాడు గ్రౌండులో నిలబడ్డ తీరే వేరుగా ఉండేది. చిన్న వయసులోనే స్కూల్ జట్టులో చోటు దొరికింది. తర్వాత హిస్లాప్ స్కూల్ జట్టుకు కెప్టెన్ అయ్యారు. పొడుగాటి మనిషి, నిటారు నడక, బలమైన మణికట్టు. బ్యాటింగ్‌తో పాటు నెమ్మదిగా, గురి తప్పకుండా వేసే బౌలింగ్ కూడా వచ్చు. ఫీల్డింగ్‌లో చురుకు. ఇంట్లో వాళ్లు ఆయనను ఆపలేదు. ఆ తరంలో అది చిన్న విషయం కాదు.

దేశానికి జట్టు లేని రోజులు

1916లో నాయుడు గారు బొంబాయిలో తొలి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడారు. అప్పటి పరిస్థితి మన పిల్లలకు చెప్తే నమ్మరు. ఇండియా పేరుతో టెస్టులు ఆడే జట్టు లేదు. రంజీ ట్రోఫీ లేదు. క్రికెట్ బోర్డు లేదు. ఉన్నది బొంబాయి క్వాడ్రాంగులర్ అనే టోర్నమెంటు. అందులో జట్లు ఊళ్ల పేరుతో కాకుండా మతాల పేరుతో ఉండేవి. యూరోపియన్లు ఒక జట్టు, పార్సీలు ఒక జట్టు, హిందువులు ఒక జట్టు, ముస్లింలు ఒక జట్టు.

హిందువుల జట్టుకు, యూరోపియన్ల జట్టుకు మధ్య మ్యాచ్. హిందువుల జట్టు 79 పరుగులకే 7 వికెట్లు పోగొట్టుకుంది. అప్పుడు తొమ్మిదో నంబర్ బ్యాట్స్‌మన్‌గా నాయుడు గారు లోపలికి నడిచారు. మొదటి మూడు బంతులు జాగ్రత్తగా ఆపారు. నాలుగో బంతిని సిక్సర్ కొట్టారు. ఆయన ఆట ఎలా ఉండబోతోందో ఆ నాలుగు బంతుల్లోనే తెలిసిపోయింది. ముందు చూడాలి, అంచనా వేయాలి, తర్వాత భయం లేకుండా కొట్టాలి.

ఇంత బాగా మొదలైతే తర్వాత రెండు మూడేళ్లలో పెద్ద స్థాయికి వెళ్లి ఉంటారని మనం అనుకుంటాం. వెళ్లలేదు. వెళ్లడానికి అసలు ఆ స్థాయే లేదు. దేశానికి జట్టే లేనప్పుడు ఎంత బాగా ఆడినా ఎక్కడికి ఎంపిక చేస్తారు? ఏడాదికి ఒకసారి బొంబాయి టోర్నమెంటు, మధ్యలో నాగపూర్ మ్యాచ్‌లు. అంతే. ఆటతో ఇల్లు గడిచే కాలం కాదది. 1923లో ఇండోర్ సంస్థానాన్ని ఏలే హోల్కర్ మహారాజు ఆయనను పిలిపించి తన సైన్యంలో ఆఫీసర్ ఉద్యోగం ఇచ్చారు. ఆయన పేరు ముందు కల్నల్ అని మనం రాసేది ఆ ఉద్యోగం వల్లే. ఇలా ఇరవైల వయసంతా గడిచిపోయింది. ఇవాళ్టి లెక్కలో ఆటగాడికి అది బంగారం లాంటి వయసు. ఆ పదేళ్లు ఆయన ఏ సెలెక్టర్ కోసమూ ఆడలేదు. అయినా ప్రాక్టీస్ మానలేదు.

1926 డిసెంబర్, బొంబాయి జింఖానా

పదేళ్లు గడిచాక ఒక అవకాశం వచ్చింది. ఆర్థర్ గిల్లిగాన్ నాయకత్వంలో ఇంగ్లండ్ నుంచి ఎం.సి.సి. జట్టు ఇండియా టూర్‌కు వచ్చింది. గిల్లిగాన్ అంతకుముందే ఇంగ్లండ్ కెప్టెన్‌గా చేసిన వ్యక్తి. హిందువుల జట్టుతో బొంబాయి జింఖానా మైదానంలో మ్యాచ్ జరిగింది. అప్పటికి నాయుడు గారికి 31 ఏళ్లు.

ఆ రోజు ఆయన రెండు గంటల లోపే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు. టీ20లు చూసి పెరిగిన మన పిల్లలకు 11 సిక్సర్లు మామూలు మాట కావచ్చు. అప్పుడు ఒక ఫస్ట్‌క్లాస్ ఇన్నింగ్స్‌లో అన్ని సిక్సర్లు కొట్టినవాళ్లు ప్రపంచంలో ఎవరూ లేరు. బ్యాట్లు ఇప్పటిలా మందంగా ఉండేవి కావు, తలకు హెల్మెట్ లేదు. బౌలింగ్ చేస్తున్నది మనల్ని పరిపాలిస్తున్న దేశపు జట్టు. వార్త ఊరంతా పాకి, ఆఫీసుల నుంచి జనం గ్రౌండుకు వచ్చి, చోటు లేక చుట్టుపక్కల మేడలు, చెట్లు ఎక్కి చూశారని చెప్తారు. ఎం.సి.సి. జట్టు ఆయనకు వెండి బ్యాటును బహుమతిగా ఇచ్చింది.

ఆ టూర్‌లో గిల్లిగాన్‌కు ఒక విషయం అర్థమైంది. ఈ దేశం టెస్టులు ఆడగలదు, ముందుగా ఒక బోర్డు పెట్టుకోవాలి. ఆ విషయాన్ని ఆయన ఇక్కడి పెద్దలకు గట్టిగా చెప్పారు. 1928లో భారత క్రికెట్ బోర్డు ఏర్పడింది. నాయుడు గారి ఒక్క ఇన్నింగ్స్ వల్లే బోర్డు వచ్చిందని చెప్పడం ఎక్కువే అవుతుంది. కానీ ఇండియాలో టెస్టు స్థాయి ఆట ఉందా అనే సందేహానికి అంతకంటే గట్టి జవాబు ఆ రోజుల్లో ఇంకొకటి లేదు. తాను ఎక్కాల్సిన మెట్టు కట్టడంలో ఆయన చెయ్యి కూడా పడింది.

లార్డ్స్, 1932 జూన్ 25

1932లో భారత జట్టు ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లింది. కెప్టెన్ పదవి ఆటను బట్టి ఇచ్చే కాలం కాదు. కెప్టెన్ అంటే రాజవంశీకుడై ఉండాలని అందరూ అనుకునేవారు. అందుకే పోర్‌బందర్ మహారాజు కెప్టెన్, లింబ్డీ సంస్థానానికి చెందిన ఘనశ్యామ్‌సింహ్‌జీ వైస్ కెప్టెన్. అయితే పోర్‌బందర్ మహారాజు నిజాయితీ గల మనిషి. తన ఆట టెస్టు స్థాయికి చాలదని ఆయనే ఒప్పుకున్నారు. వైస్ కెప్టెన్ కూడా ఆడలేదు. టెస్టుకు నాయకత్వం నాయుడు గారికి వచ్చింది. రాజు కానివాడి కింద ఆడటం జట్టులో కొందరికి నచ్చలేదని, అయినా పోర్‌బందర్ తన నిర్ణయం మార్చుకోలేదని క్రికెట్ చరిత్ర రాసినవాళ్లు చెప్తారు.

జూన్ 25న లండన్‌లోని లార్డ్స్ మైదానంలో భారత్ తన తొలి టెస్టు మొదలుపెట్టింది. ఆ జట్టులో హిందువులు, ముస్లింలు, పార్సీలు, ఒక సిక్కు ఆటగాడు ఉన్నారు. బొంబాయిలో వేరువేరు జట్లుగా ఒకరితో ఒకరు తలపడినవాళ్లు మొదటిసారి ఒకే జట్టుగా టెస్టుకు దిగారు. మొదటి రోజు పొద్దున మన బౌలర్లు మహమ్మద్ నిస్సార్, అమర్‌సింగ్ దెబ్బకు ఇంగ్లండ్ 19 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకుంది. లార్డ్స్‌లో ఎవరూ ఊహించని దృశ్యం అది.

ఫీల్డింగ్ చేస్తూ నాయుడు గారి చేతికి దెబ్బ తగిలింది. ఆ చేత్తోనే బ్యాటింగ్‌కు వచ్చి 40 పరుగులు చేశారు. తొలి ఇన్నింగ్స్‌లో మన జట్టు తరఫున అదే ఎక్కువ స్కోరు. చివరకు 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఓడినా, ఆ జట్టును తక్కువగా చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ టూర్ మొత్తంలో 26 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు జరిగితే 36 ఏళ్ల ఆ మనిషి అన్నీ ఆడారు. 1,618 పరుగులు చేశారు, 65 వికెట్లు తీశారు. బర్మింగ్‌హామ్‌లో వార్విక్‌షైర్ మీద కొట్టిన ఒక సిక్సర్ గ్రౌండు పక్కన పారే రే నది అవతల పడింది. అప్పట్లో ఆ నదే రెండు జిల్లాలకు సరిహద్దు. ఒక జిల్లాలో కొడితే ఇంకో జిల్లాలో పడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. క్రికెట్ వాళ్లు ప్రామాణికంగా చూసే విజ్డెన్ పుస్తకం 1933లో ఆ ఏడాది ఐదుగురు ఉత్తమ ఆటగాళ్లలో ఒకరిగా ఆయన పేరు వేసింది.

మరుసటి ఏడాది ఇంగ్లండ్ జట్టు మన దేశానికి వచ్చింది. 1933 డిసెంబర్‌లో బొంబాయి జింఖానాలోనే మన గడ్డ మీద తొలి టెస్టు. అందులో లాలా అమర్‌నాథ్ 118 పరుగులు చేసి భారత్ తరఫున తొలి టెస్టు సెంచరీ కొట్టారు. అవతలి వైపు నిలబడి 67 పరుగులతో ఆ కుర్రవాడికి తోడుగా ఉన్నది కెప్టెన్ నాయుడు గారే.

ఇక్కడ ఒక నిజం కూడా చెప్పాలి. కెప్టెన్‌గా ఆయన ఆడిన 4 టెస్టుల్లో ఒక్కటీ గెలవలేదు. మూడు ఓడారు, ఒకటి డ్రా అయింది. భారత్‌కు తొలి టెస్టు విజయం 1952లో మద్రాసులో గానీ రాలేదు. ఇవాళ మనం మార్కులు చూసినట్టు చూస్తే ఆయన రిపోర్టు కార్డులో ఆ గడి ఖాళీగానే ఉంటుంది.

కుర్చీ పోయిన తర్వాత

1936లో మళ్లీ ఇంగ్లండ్ టూర్. ఈసారి కెప్టెన్ పదవి నాయుడు గారికి దక్కలేదు. విజ్జీ అని పిలిచే విజయనగరం మహారాజ్‌కుమార్‌కు ఇచ్చారు. చిత్రం ఏమిటంటే ఆయన కూడా మన తెలుగు నేల రాజవంశం మనిషే. క్రికెట్ మీద ప్రేమ ఉంది, సొంత డబ్బుతో జట్లు నడిపారు, బోర్డు పెద్దల్లో పలుకుబడి ఉంది. ఆట మాత్రం అంతంతే. ఆ సిరీస్‌లో 3 టెస్టులు ఆడి మొత్తం కలిపి ఆయన చేసింది 33 పరుగులు.

ఆ టూర్ అంతా గొడవలే. లాలా అమర్‌నాథ్‌ను తొలి టెస్టుకు ముందే క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపించేశారు. జట్టు రెండు వర్గాలుగా చీలింది. ఉదయం టిఫిన్ బల్ల దగ్గర అందరి ముందూ నాయుడు గారిని అవమానించినందుకు ఒక ఆటగాడికి టెస్టులో చోటు ఇచ్చారనే కథ కూడా ప్రచారంలో ఉంది.

మీలో ఉద్యోగాలు చేసేవాళ్లకు ఈ పరిస్థితి కొత్త కాదు. నిన్నటిదాకా మనం చేసిన పనిని, మన కంటే తక్కువ తెలిసినవారి చేతిలో పెట్టి, వారి కింద పని చేయమంటారు. అలాంటప్పుడు మనిషి రాజీనామా చేస్తాడు, లేదా పని మీద చిన్నచూపు పెంచుకుంటాడు. నాయుడు గారు ఈ రెండూ చేయలేదు. ఆగస్టులో ఓవల్ మైదానంలో చివరి టెస్టు. మొదటి ఇన్నింగ్స్‌లో చేసింది 5 పరుగులే. రెండో ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ ఫాస్ట్ బౌలర్ గబ్బీ అలెన్ వేసిన బంతి ఒంటికి గట్టిగా తగిలింది. ఆ నొప్పితోనే నిలబడి 81 పరుగులు చేశారు. టెస్టుల్లో ఆయనకు అదే ఎక్కువ స్కోరు. అదే చివరి ఇన్నింగ్స్ కూడా. ఆ తర్వాత పదేళ్లు, యుద్ధం కారణంగా కూడా, భారత్ టెస్టులే ఆడలేదు. ఆయన టెస్టుల లెక్క ఏడు దగ్గరే ఆగిపోయింది.

నలభై దాటాక మొదలైన ఇంకో ఆట

చాలామంది కథ ఇక్కడ ముగుస్తుంది. నాకు బాగా నచ్చిన భాగం మాత్రం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఇండోర్‌లో ఆయన హోల్కర్ జట్టును తయారు చేశారు. ముస్తాక్ అలీని కుర్రవాడిగా ఉన్నప్పుడే గుర్తించి ఆట నేర్పింది ఆయనే. ఆ ముస్తాక్ అలీయే 1936లో మాంచెస్టర్‌లో 112 పరుగులు చేసి, విదేశీ గడ్డ మీద భారత్ తరఫున తొలి టెస్టు సెంచరీ కొట్టారు. కెప్టెన్‌గా నాయుడు గారు మెత్తని మనిషి కాదు. ప్రాక్టీస్‌కు ఆలస్యంగా వస్తే, దెబ్బ తగిలిందని వంక పెడితే సహించేవారు కాదు. ఆ కాఠిన్యం జట్టులో అందరికీ రుచించేది కాదు కూడా. కానీ తాను చేయని పని ఎవరితోనూ చేయించలేదు.

1944-45 రంజీ ఫైనల్ చూడండి. బొంబాయి జట్టుతో మ్యాచ్. హోల్కర్ జట్టులో నాయుడు గారి తమ్ముడు సి.ఎస్. నాయుడు లెగ్ స్పిన్ బౌలర్. ఆ ఒక్క మ్యాచ్‌లో తమ్ముడు వేసింది 152.5 ఓవర్లు, అంటే 917 బంతులు. 428 పరుగులిచ్చి 11 వికెట్లు తీశారు. ఒక ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లో అన్ని బంతులు వేసిన బౌలర్ ప్రపంచంలో ఇంకొకరు లేరు. ఇవాళ ఐపీఎల్ బౌలర్ ఒక మ్యాచ్‌లో వేసేది 24 బంతులు. ఆ లెక్కన అది 38 మ్యాచ్‌ల పని. అంత కష్టపడ్డా హోల్కర్ ఓడిపోయింది.

మరుసటి సీజన్‌లో మళ్లీ ఫైనల్‌కు వచ్చారు. ఈసారి బరోడాతో. ఆ మ్యాచ్‌లో అన్నగారు 200 పరుగులు కొట్టారు. ఆయన ఫస్ట్‌క్లాస్ జీవితంలో అదే అత్యధిక స్కోరు. అప్పుడు ఆయన వయసు 50. హోల్కర్ తొలిసారి రంజీ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత 1947-48, 1950-51, 1952-53లో కూడా గెలిచి మొత్తం నాలుగుసార్లు ఛాంపియన్ అయింది.

యాభై ఆరేళ్ల వయసులో బొంబాయి మీద ఆడుతుంటే దత్తు ఫడ్కర్ వేసిన బౌన్సర్ మూతికి తగిలి పళ్లు ఊడాయి. బౌలర్ కంగారుపడి తర్వాతి బంతి నెమ్మదిగా వేస్తే, అలా వేయవద్దని, మామూలుగానే వేయమని ఆయన మందలించారని చెప్తారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ సీజన్‌లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ ట్రోఫీలోకి వచ్చినప్పుడు, 58 ఏళ్ల నాయుడు గారే ముందు నిలబడి ఆ కొత్త జట్టును నడిపించారు. నాగపూర్‌లో పుట్టి ఇండోర్‌లో బతికిన మనిషి, తాతముత్తాతల నేల తరఫున అలా ఆడారు.

1956లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. క్రికెటర్లలో ఆ గౌరవం అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే. శాలువా కప్పారు కదా అని ఇంట్లో కూర్చోలేదు. ఆ సీజన్‌లోనే ఉత్తర్‌ప్రదేశ్ తరఫున రంజీ ఆడి రాజస్థాన్ మీద 84 పరుగులు చేశారు. వయసు 61. చివరిసారి 1963లో, 68 ఏళ్లప్పుడు, తాను పుట్టిన నాగపూర్‌లోనే ఒక మ్యాచ్‌లో బరిలోకి దిగారు. అంతా కలిపి 207 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 411 వికెట్లు. నాలుగేళ్ల తర్వాత నవంబర్ 14న ఇండోర్‌లో చనిపోయారు.

1994 నుంచి భారత క్రికెట్ బోర్డు ఇచ్చే జీవన సాఫల్య పురస్కారానికి ఆయన పేరే పెట్టారు. ఆయన కూతురు చంద్ర నాయుడు ఇండోర్‌లో ఇంగ్లీష్ ప్రొఫెసర్‌గా పని చేశారు, తండ్రి జీవితం మీద పుస్తకం రాశారు. మన దేశంలో క్రికెట్ కామెంటరీ చెప్పిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ మాట కూడా ఇంట్లో చెప్పండి.

మీతో రెండు మాటలు

మీ పిల్లలందరినీ క్రికెట్ కోచింగ్‌లో చేర్పించమని నేను చెప్పడం లేదు. మీరు కట్టే ఫీజు వెనుక ఎంత కష్టం ఉందో నాకు తెలుసు. బత్తాయి తోట అమ్మకం డబ్బులు, షాపు మీద వచ్చే నెల ఆదాయం, బొంబాయిలో, దుబాయిలో ఉండే నాన్న పంపే డబ్బు, వీటితోనే మన పిల్లలు చదువుతున్నారు. మంచి ఉద్యోగం రావాలని కోరుకోవడం తప్పు కాదు. నాయుడు గారికి కూడా ఆటతో పాటు సైన్యంలో ఉద్యోగం ఉంది. అదీ మర్చిపోకూడదు. ఆయనకు పుట్టుకతోనే ఒక ఇల్లు, ఒక చదువు, ఒక మహారాజు అండ ఉన్నాయి. అందరికీ అవి ఉండవు.

నేను అడిగేది చిన్నది. ఆలస్యమైపోయింది అనే మాటను పిల్లల ముందు తొందరపడి అనవద్దు. ఆరో తరగతిలో ఫౌండేషన్ సెక్షన్ రాలేదని, ఎనిమిదో తరగతికి ఇంగ్లీష్ సరిగా మాట్లాడటం లేదని, తొమ్మిదో తరగతిలో ఇప్పుడు ఆటలేమిటని మనం రోజూ ఆ మాట అంటూనే ఉన్నాం. టీచర్లమూ అంటున్నాం. పదమూడేళ్ల బిడ్డకు అది తీర్పులా వినిపిస్తుంది. మనం మర్చిపోతాం, వాళ్లు మర్చిపోరు.

ఇంకో మాట. పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు కుర్చీ పోతుంది. క్లాస్ లీడర్ పదవి పోవచ్చు, ఫస్ట్ ర్యాంకు పోవచ్చు, ఏ సెక్షన్ నుంచి బి సెక్షన్‌కు మార్చవచ్చు. ఆ రోజు ఇంట్లో మనం ఏం మాట్లాడతామో దాన్ని బట్టే వాళ్లు మర్నాడు స్కూలుకు ఎలా వస్తారో ఉంటుంది. కెప్టెన్సీ పోయిన సిరీస్‌లోనే నాయుడు గారు తన అత్యధిక టెస్టు స్కోరు చేశారని అప్పుడు వాళ్లకు గుర్తుచేయండి.

ఆ ఎనిమిదో తరగతి బాబును పిలిచి మాట్లాడాను. ఆ రోజు నేను చెప్పింది ఆలోచించి చెప్పిన మాట కాదని ఒప్పుకున్నాను. వాళ్ల నాన్నగారికి కూడా ఫోన్ చేసి అదే చెప్పాను. వారానికి మూడు సాయంత్రాలు గ్రౌండు, మిగతా రోజులు మ్యాథ్స్ అని ముగ్గురం కలిసి ఒక ఒప్పందానికి వచ్చాం. వాడు పెద్ద ఆటగాడు అవుతాడో లేదో నాకు తెలియదు. మొన్న మాత్రం హోంవర్క్ పూర్తి చేసి, నోట్‌బుక్ నా బల్ల మీద పెట్టి, బెల్లు కొట్టగానే పరుగెత్తాడు.

ఈ బాలల దినోత్సవం రోజు సాయంత్రం మీకు వీలైతే పిల్లల్ని తీసుకుని దగ్గర్లోని గ్రౌండుకు వెళ్లండి. నల్లగొండలో ఎన్జీ కాలేజీ గ్రౌండు అయినా సరే, మహబూబ్‌నగర్‌లో స్టేడియం అయినా సరే, మీ ఊరి బడి వెనుక ఖాళీ జాగా అయినా సరే. ఒక గంట మీరు బౌలింగ్ వేయండి, వాళ్లను కొట్టనివ్వండి. ఇంటికి వచ్చాక కింద ఇచ్చిన వయసు లెక్కను వాళ్లతోనే చదివించండి.

నాయుడు గారి వయసు లెక్క

31 ఏళ్లు: ఎం.సి.సి. మీద 11 సిక్సర్లతో 153 పరుగులు.
36 ఏళ్లు: భారత్ తొలి టెస్టు, తొలి కెప్టెన్.
40 ఏళ్లు: కెప్టెన్సీ పోయాక, చివరి టెస్టులో 81.
50 ఏళ్లు: రంజీ ఫైనల్‌లో 200.
58 ఏళ్లు: ఆంధ్ర తొలి రంజీ జట్టుకు నాయకత్వం.
61 ఏళ్లు: రంజీలో 84.
68 ఏళ్లు: నాగపూర్‌లో చివరి మ్యాచ్.